కళ్లద్దాలు కూడా ఇచ్చేశాడు

మా నాచారం పార్కులో ఐదుగురం ఒకే పుస్తకాన్ని వంతులవారీగా చదువుతాం. ఈసారి ఐర్లండ్ రచయిత్రి నవల. పేజీపేజీకీ వానే, మన నీళ్ల ట్యాంకర్ల బాధ ఆవిడకేం తెలుసు! చివర్లో ఒంటరి ముసలాయన ఇల్లు సర్దేసి, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోతాడు. చదివి ఒకరు ఏడ్చారు, ఒకరు విసుక్కున్నారు.

ఈ సాయంత్రం ఒంటరిగా ఉండే మా యాదగిరి పుస్తకంతోపాటు తన కళ్లద్దాలూ నా చేతిలో పెట్టాడు.

"నవల ఎట్లుంది?"

"ఆ ముసలాయన మంచిగ జేసిండన్నా."

"మరి అద్దాలేంది?"

"ఇగ సదివేదేముంది? ఉంచుకో."

నవ్వుతూ వెళ్లిపోయాడు. ఆ నవ్వు నాకు నచ్చక, ఉప్పల్‌లో అతని ఇంటికొచ్చి గడపమీద కూర్చున్నాను. తలుపు తీయడం లేదు. "పొమ్మన్నగదనే!" అని లోపలినుంచి కసురుతున్నాడు. కసురుతున్నంతసేపూ ఫరవాలేదు.

ఇది చదువుతున్నవాళ్లలో దగ్గర్లో ఉన్నవాళ్లు రండి. నవల బాగుందో లేదో ఈ గడపమీదే గట్టిగా పోట్లాడుకుందాం.