కొట్టివేత ఒకటి

పరీక్ష పేపర్ల కట్టకు గుడ్డ చుట్టి, ముడి మీద కరిగిన లక్క వేసినప్పుడల్లా ఆ కమురు వాసనకు నా చేతులు ఒక్క నిమిషం ఆగిపోతాయి. కాలేజీలో ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పనే. అయినా ప్రతి ఏడూ కర్నూలు రిజిస్ట్రారు కచేరీ వరండా, అక్కడ గోడకు వీపు ఆనించి వాలుబల్ల ముందు కూర్చున్న ఖాదర్ సాహెబు గుర్తుకొస్తారు. దస్తావేజులు, అర్జీలు రాసి బతికిన మనిషి. ఆయన పేరు మీలో ఎవరూ విని ఉండరు. నన్ను కాలేజీకి పంపింది మాత్రం ఆయనే అని ఎక్కడైనా చెబుతాను.

అవి యుద్ధం రోజులు. కర్నూలులో పెద్దమ్మ ఇంట్లో ఉండి ఎస్సెల్సీ గట్టెక్కాను. చెన్నపట్నం కాలేజీలో సీటు వచ్చింది. పత్తికొండ దగ్గర మా ఊళ్ళో మా నాయనకు వేరుశనగ చేలు బాగానే ఉన్నాయి. కానీ ఆయన ఒక్కటే మాట అన్నాడు: "నా దగ్గర దుడ్లు లేక కాదు. ఆడపిల్ల అంత దూరం పోయి చదివేదానికి నేనియ్యను." అమ్మ ఏడ్చింది. నేను ఏడవలేదు. మొండితనంలో నేను ఆయన కూతుర్నే. చదువుకునే పిల్లలకు సాయం చేసే ధర్మనిధి ఒకటి చెన్నపట్నంలో ఉందని మా టీచరమ్మ చెబితే, అర్జీ రాయించడానికి ఖాదర్ సాహెబు దగ్గరికి వెళ్ళాను. గడువు పది రోజులే. అర్జీ మీద తండ్రి సంతకం ఉండాలి. అది లేకపోతే సీటు పోయినట్లే.

మా సీమలో అర్జీ అంటే కరువుతో మొదలు కావలసిందే. నేను ఊరి పేరు, నాయన పేరు చెప్పీ చెప్పకముందే ఆయన కలం "అనావృష్టి చేత పంటలు పోయి" అని రాసుకుంటూ పోయింది. కళ్ళు మూసుకుని కూడా ఆయన చేయి రాయగల మాట అది.

"తాతా, నిరుడు మాకు వాన బాగానే పడింది," అన్నాను.

కలం ఆగింది. కళ్ళద్దాల పైనుంచి చూశారు. "పంట?"

"పండింది. మా నాయనకు ఉండాది, ఇయ్యనన్నాడు. కరువనే రాయి తాతా. మన తావున కరువంటే ఎవురూ కాదనరు. సంతకం కూడా నేనే ఎట్లో ఒకట్ల పెడతా."

సిగ్గు లేకుండానే అన్నాను. చదువు ఆగిపోతుందన్న భయం తప్ప నాకు ఇంకేమీ కనబడలేదు. ఆయన కోప్పడలేదు. కలం నా వైపు తిప్పి ఇచ్చారు.

"నువ్వే రాయి బిడ్డా. నా చేతికి కరువు తప్ప ఇంగొకటి రాదు. జరిగింది జరిగినట్ల రాయి."

యుద్ధంతో కాగితం కరువై ఉంది, ఇంకో ఠావు లేదు. రాసిన మాటను సిరాతో పులిమెయ్యబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"అట్ల పూయొద్దు. ఒక్కటే గీత కొట్టు. కింద మాట చదివేదానికి రావాల. పూసినావంటే ఏమో దాచినారనుకుంటారు. గీత కొడితే, తప్పు రాసి దిద్దుకున్నారని తెలుస్తాది."

ఒక్క గీత కొట్టి రాశాను. "మా తండ్రికి భూములున్నవి. నిరుడు వాన పడి పంట పండినది. నన్ను చదివించుట ఇష్టము లేక డబ్బు ఇవ్వనన్నారు. నాకు చదువుకొనవలెనని ఉన్నది." దస్తావేజుల్లో రాసినట్లు చివర ఒక వరుస ఆయనే చెప్పి చేర్పించారు: "ఇందులో కొట్టివేత ఒకటి."

"ఇట్ల రాస్తే ఇస్తారా తాతా?"

"ఇయ్యకపోవచ్చు. ముందు పోయి మీ నాయనకు చూపీ."

నాకు ఒళ్ళు మండింది. ధైర్యం చెప్పకపోగా పులి నోట్లో తల పెట్టమంటారేమిటని గొణుక్కుంటూ బస్సెక్కాను. నాయన పంచలో కూర్చుని విత్తనానికి వేరుశనగ కాయలు ఒలిపిస్తున్నాడు. కాగితం తీసుకుని పెదాలు కదుపుతూ రెండుసార్లు చదివాడు. కొట్టేసిన మాట దగ్గర వేలు ఆగింది.

"కరువని రాసినాది ఎవురు?"

"ఖాదర్ సాయిబు, అలవాటు కొద్దీ. కొట్టేసినాది నేను."

"నాకు లేదని రాసింటే ఈడనే చించేసేటోణ్ణి," అన్నాడు. కింది వరుసలు వేలితో చూపి, "ఇది నేనన్న మాటే. కలం తే," అన్నాడు.

సంతకం పెట్టాడు. పరువు నిలిచిందనుకున్నాడో, నా మీద జాలే కలిగిందో, ఇప్పటికీ నాకు తెలియదు. డబ్బు మాత్రం చివరిదాకా ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

మర్నాడు ఖాదర్ సాహెబు ఆ సంతకాన్ని చూశారు. అర్జీని కవరులో పెట్టి తన చేత్తోనే లక్క కరిగించి ముద్ర వేశారు. సాయం మంజూరైందని ఉత్తరం వచ్చిన రోజు వరండాకు పరుగెత్తాను. ఆయన ఉత్తరం చదివి, మడిచి నాకిచ్చి, "ఈ చేత్తో శానా కరువులు రాసినా. వాన పడిందని రాసింది నువ్వే," అని నవ్వారు. నేను చదువు ముగించి వచ్చేసరికి ఆయన లేరు.

ఈ ఏడు కూడా లక్క వేస్తుండగా ఒక అమ్మాయి సాయం కోసం అర్జీ పట్టుకుని వచ్చింది. తండ్రి గురించి రాసిన వరుస మీద సిరా దట్టంగా పులిమి ఉంది. కొత్త కాగితం ఇచ్చి, ఉన్నది ఉన్నట్లు రాయమన్నాను.

"ఇస్తారా మేడమ్?" అంది.

ఇవ్వకపోవచ్చు అనే మాట నోటి దాకా వచ్చింది.

"ముందు రాయి," అన్నాను. "సంతకానికి మీ నాయన దగ్గరికి నేనూ వస్తాను."