గౌరమ్మ గారి గ్రహాంతర ప్రాణి

మా ముత్తాత జగన్నాథ రాజు గారు ఒడిశా సరిహద్దున ఒక చిన్న జమీందారీకి దివాను. ఆయన కచేరీలో అడుగుపెడితే కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారు. నేను ఆ వంశంవాణ్ణి. వీడియో గేముల్లో మనుషుల్ని చంపడానికి అంతరిక్షం నుంచి దిగే భీకర ప్రాణులకు నడక కూర్చడం నా వృత్తి. ఇవాళ టాటానగర్ స్టేషన్లో ఒక గూడ్సు బండి బ్రేకు వేసింది. ఆ ఇనుప కీచు వినగానే గౌరమ్మ గారు గుర్తొచ్చారు. అలాంటి చప్పుడునే ఒకప్పుడు ఫోన్లో పట్టి, నెమ్మది చేసి, మా మొదటి ప్రాణికి గొంతుగా పెట్టారావిడ.

ఆవిడ రైల్వే గార్డు భార్య. భర్త పోయాక టాటానగర్‌లోనే సీతారాండేరా పేటలో ఒక మేడ మీద రెండు గదుల్లో కంప్యూటర్ బొమ్మల క్లాసు నడిపి, దాన్నే స్టూడియోగా మార్చారు. సినిమాలో గ్రహాంతర రాక్షసి కనబడి అక్కడ పనిచేసే మేమంతా కళ్ళు మూసుకుంటే, ఆవిడ ముందుకు వంగి "పాపం, దీన్ని ఎవలు రెచ్చగొట్టినారో" అనేవారు.

మా దగ్గర ఒకరు కెమెరా ముందు ఆ ప్రాణిలా కదలాలి. ఆ కదలికనే బొమ్మకు ఎక్కిస్తాం. ఆ పని నాది. ఒక గేములో చివరి శత్రువును పని ఇచ్చినవాళ్ళు రెండుసార్లు తిప్పిపంపారు, భయం వెయ్యడం లేదని. మూడోసారీ కాదంటే స్టూడియో మూతపడుతుంది, మా నలుగురికీ పని పోతుంది. నా రికార్డింగు చూసి గౌరమ్మ గారు పకపకా నవ్వారు.

"ఏటి రాజుబాబూ, మీ దెయ్యం దర్బారుకి వత్తన్నట్టు వత్తన్నాదేటి? మీసం ఒకటే తక్కువ!"

"నేల మీద పాకమంటారా? మా ఇంట్లో ఎవరూ ఎవరి ముందూ వంగలేదండీ."

"అరే, భూఖ్ లగీ హై ఉస్‌కో! ఆకలేసినోడికి వంశమేటి?"

నేను కదలలేదు. ఆవిడే కుచ్చిళ్ళు దోపి, మోకాళ్ళ నొప్పితో మూలుగుతూ నేల మీద పాకారు. సిగ్గేసి లేపబోతే చెయ్యి విడిపించుకున్నారు. "ఇది తినడానికొచ్చిందని ఆడేవోడికి తెలుసు. అంతకుముందు దానికేటైందో నువ్వు సెప్పు."

అప్పుడు ఎవరికీ చెప్పనిది చెప్పాను. నాన్న టెల్కో కంపెనీలో ఫిట్టరు. రిటైరయ్యాక టెల్కో కాలనీలో కంపెనీ క్వార్టర్ ఖాళీ చెయ్యాల్సిన గడువు దాటింది. తాళంచెవి కోసం ఇద్దరు గుమాస్తాలు మర్యాదగానే వచ్చారు. దివాను గారి మనవడైన మా నాన్న గుమ్మంలో చతికిలబడి, రెండు చేతులూ ద్వారబంధానికి అడ్డంగా చాపి, మాట రాక పళ్ళ మధ్య నుంచి బుసకొట్టాడు. వాళ్ళు బెదిరి వెనక్కి తగ్గారు. వాళ్ళ భయమే ఆ రోజు నాకు కనబడింది. నాన్న భయం కనబడలేదు.

గౌరమ్మ గారు నేల మీద నాకు చోటిచ్చి పక్కకు జరిగారు. "అదే సెయ్ నాన్నా" అన్నారు మెల్లగా.

నేల మీద కూర్చున్నాను. మా ప్రాణి ఎవరి మీదికీ దూకలేదు. విరిగిన తన నౌక వాకిట్లో అడ్డంగా కూర్చుని చేతులు చాపింది. పని ఇచ్చినవాళ్ళు ఒప్పుకున్నారు. గేము ఆడినవాళ్ళలో కొందరు దాన్ని కాల్చలేక వెనక్కి తిరిగారట. అది విని ఆవిడ అందరికీ సమోసాలు తెప్పించారు.

భయపెట్టే మనిషి ఎదురైతే, అతను దేన్ని కాపాడుకుంటున్నాడో ముందు చూడటం ఆవిడ నాకిచ్చిన అలవాటు. నిరుడు ఆవిడ పోయారు. కూతురు స్టూడియో సామాను అమ్మకానికి పెడితే నేనే కొన్నాను. అందుకోసం ముత్తాతగారి వెండి తాంబూలపు పెట్టెను బిష్టుపూర్ బజారులో అమ్మాను.