జుండెల్ కత్తిరించిన పాట

జెరూసలేంలో యూదుల పవిత్ర గ్రంథం తోరాను తోలు చుట్టల మీద రాసేవాళ్లకు కొదవ లేదు. కానీ తన చేతిరాత చూసుకుని తనే మురిసిపోయేవాడు మాత్రం జుండెల్ ఒక్కడే. శనివారం సాయంత్రం ప్రార్థనాలయంలో ఉప్పుచేప ముక్కలు పంచాక ఆయన ఉపన్యాసం మొదలయ్యేది. విషయం ఎప్పుడూ ఒకటే. సీనాయి కొండ మీద మోషే దేవుడి దగ్గర అందుకున్న తోరాలో ఇవాళ్టి దాకా గీత కూడా కదల్లేదు, లోకంలో ఏ మూల ఏ చుట్ట విప్పినా ఒకటే. నోట్లో చేప పెట్టుకుని అందరూ తలలూపేవారు. ఆ తలలు చూసి మతగురువులైన రబ్బీలు తనను పేటలోని చుట్టలన్నిటికీ పెద్ద తనిఖీదారుగా వేస్తారని ఆయన ఆశ. ఆ ఆశ కోసమే బతికాడనుకోండి.

సరిగ్గా ఆ రోజుల్లోనే యెమెన్ యూదుల ప్రార్థనాలయం పెద్ద, మోరి యిహ్యా, ఒక పాత చుట్ట తెచ్చాడు. సనా నగరం నుంచి ఆయన తండ్రి మోసుకొచ్చిన చుట్ట అది. కుట్లు ఊడాయి, తమలో కుట్టే మనిషి పోయాడు, కుట్టిపెడితే చాలన్నాడు.

కుట్టిపెడితే చాలని ఊరుకునే మనిషా జుండెల్? చివరికంటా విప్పాడు. మోషే చనిపోయే ముందు పాడిన పాట దగ్గర ఆయన చూపు ఆగిపోయింది. తన చుట్టల్లో ఆ పాట డెబ్బై వరసలు. ఇందులో అరవై ఏడు. మాటలు అవే, వరసలే వేరు. ఇలాంటి చుట్టలు ఉన్నాయని ఆయనకు తెలియక కాదు. పూర్వపు పెద్ద పండితుడొకాయన అరవై ఏడనే రాశాడనీ, అచ్చువేసినవాళ్లు దాన్ని డెబ్బైగా దిద్దారనీ కుర్రతనంలోనే చదివాడు. చదివి, పుస్తకం మూసేసి, ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు కత్తి తీసి ఆ తోలు పుటను కోసేసి, డెబ్బై వరసలతో కొత్తది రాసి కుట్టేశాడు. పాత పుట మీద దేవుడి పేరుంది కాబట్టి పారేయకూడదు. పాతిపెట్టాల్సిన చినిగిన గ్రంథాల సంచిలో కుక్కాడు.

యిహ్యా వచ్చి చుట్ట విప్పి, ఆ పాట దగ్గర చెయ్యి ఆపాడు.

"రెబ్ జుండెల్, మా పుట ఏది?" అని మర్యాదగానే అడిగాడు.

"తప్పుంటే సరిచేశాను. మార్చలేదు."

"మార్చినవాళ్లంతా ఆ మాటే అంటారు. పాతది ఇచ్చెయ్యండి, చాలు."

ఇస్తే పేటంతా విప్పి చూస్తుంది. రెండు రకాల చుట్టలున్నాయని చిన్నపిల్లలకు కూడా తెలిసిపోతుంది. ఉపన్యాసం పోతుంది, పదవీ పోతుంది. అందుకే నిన్ననే పాతిపెట్టేశానని చెప్పాడు. సంచి మాత్రం ఆయన బల్ల కిందే ఉంది.

మర్నాడు పొద్దున గ్రంథాలు పాతిపెట్టే సంఘంవాళ్లు పాటలు పాడుకుంటూ గుంట దగ్గరికి చేరారు. జుండెల్ ఎన్నడూ లేనిది సంచి తనే మోసుకొచ్చాడు. అక్కడ యిహ్యా నిలబడి ఉన్నాడు. తమ పుటను పాతిన చోటైనా చూసి ఒక ప్రార్థన చెప్పుకుందామని వచ్చాడట.

"పాతిపెట్టేశానన్నారు కదా, అయ్యా," అని సంచి మూతి విప్పి, నలిగిన పుట బయటికి తీశాడు.

పాట ఆగింది. అదేమిటని సంఘం పెద్ద అడిగాడు. చెడిపోయిన పుట అన్నాడు జుండెల్. చెడిపోయిందో లేదో చూద్దామని నలుగురూ మూగి వరసలు లెక్కపెట్టసాగారు. అరవై ఏడు తేలాయి, ఒక్క అక్షరం కూడా చెడలేదు.

యిహ్యా అరవలేదు. "మాలో కుట్టేవాడు లేకనే మీ దగ్గరికొచ్చాం. ఇప్పుడూ లేడు. కోసిన చేత్తోనే కుట్టండి, మా వాకిట్లో కూర్చుని," అన్నాడు.

కుట్టక ఏం చేస్తాడు? యెమెన్‌వాళ్ల వాకిట్లో ముక్కాలిపీట వేసుకుని, పశువు నరాలతో పేనిన దారంతో ఆ పుటను దాని చోట్లో కుట్టాడు. దారినపోయేవాళ్లు ఏంటి రెబ్ జుండెల్ ఇక్కడున్నారని అడిగితే, పాపం వీళ్ల చుట్టలో పుట ఒకటి ఊడిపోయిందట, బాగుచేస్తున్నాను అనేవాడు. పదవి వేరే మనిషికి దక్కింది. దాని గురించి అడిగినవాళ్లకు, రబ్బీలు కాళ్లావేళ్లా పడ్డారు, నేనే వద్దన్నానని చెప్పేవాడు. మొదట్లో కాస్త తడబడేవాడు. తర్వాత అదీ మానేశాడు.