గ్రిడ్ నుంచి తిరిగొచ్చిన గ్రాఫు

దయ్యాల మాట ఎత్తితే నాకు ఒళ్ళు మండుతుంది. ఫిజిక్స్ చెప్పుకుని బతికేదాన్ని. మా అత్తగారు వేదాద్రి నుంచి తెచ్చిన దారం చేతికి కట్టబోతే కూడా వద్దన్నాను. ఇది చదివి మీరు నవ్వితే నవ్వండి, నాకేం బాధ లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది జగ్గయ్యపేట. నందిగామలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్చరర్ని. పేట నుంచే నాతోపాటు రోజూ బస్సులో వచ్చే షాహిన మా డిపార్ట్‌మెంట్‌లో లెక్చరర్లందరికన్నా చిన్నది. వాళ్ళ నాన్న మస్తాన్ గారు లారీ డ్రైవరు. ఇంట్లో మొదట డిగ్రీ చదివింది షాహినే.

రెండేళ్ళ క్రితం మా కాలేజీకి ఒక ఆన్‌లైన్ ట్రైనింగు వచ్చింది. కణాలను ఢీకొట్టించే పెద్ద ప్రయోగాల డేటా ఏ ఒక్క కంప్యూటర్‌కీ లొంగదు. దాన్ని ముక్కలు చేసి, దేశదేశాల్లో ఖాళీగా ఉన్న కంప్యూటర్లకు పంపుతారు. అవి లెక్కలు కట్టి ఫలితాన్ని వెనక్కి పంపుతాయి. దాన్నే గ్రిడ్ అంటారు. మన ప్రోగ్రాము ఏ దేశంలో ఏ మెషిన్ మీద నడుస్తుందో మనం ఎంచుకోం. చివరికి మనకొచ్చేది ఒక గ్రాఫు. కింది గీత మీద ద్రవ్యరాశి ఉంటుంది. ఎక్కడ గుట్టలా పైకి లేస్తే అక్కడ కణం ఉన్నట్టు.

మాలో ఎవరికీ అది ఒక పట్టాన ఎక్కలేదు. మా హెచ్‌ఓడీకైతే అసలే ఎక్కలేదు. షాహిన మాత్రం బస్సులో కూడా ఫోన్లో పాఠాలు చూసుకుంటూ, మా అందరి తరఫునా తనే ప్రోగ్రాము రాసింది.

ఆ పిల్లకి ఒక్కటే పట్టుదల. గ్రాఫు కింద ‘ద్రవ్యరాశి’ అని తెలుగులో రావాలి. తన తెలుగు మీడియం పిల్లలు అది చూసి, ఇది మనకి కాదులే అనుకోకూడదట. కానీ అక్కడి మెషిన్లకి తెలుగేం తెలుసు? పంపిన ప్రతిసారీ అక్షరాలు ఉండాల్సిన చోట చతురస్రాల్లాంటి ఖాళీ డబ్బాలు వచ్చేవి. పెన్నుతో రాసివ్వరాదా అన్నాను.

“మనం రాస్తే ఏముందక్కా, అక్కణ్ణించే రావాల. ఎందుకు రాదో చూస్తా,” అంది.

హెచ్‌ఓడీ ఒకరోజు ఆ డబ్బాలు చూసి అందరి ముందూ ఎగిరిపడ్డాడు. “డబ్బాలు చూపించి కాలేజీ పరువు తీస్తావామ్మా? ఇంగ్లీషులో పెట్టు!” అన్నాడు. షాహిన తలొంచుకుంది గానీ మార్చలేదు.

ఆ వర్షాకాలంలో దానికి జ్వరం వచ్చింది. సెలవడిగితే, ఇన్‌స్పెక్షన్ ఉంది, అది కానిచ్చి ఎన్నాళ్ళయినా పడుకో అన్నాడు ఆ మహానుభావుడు. జ్వరంతోనే వచ్చింది, క్లాసులు చెప్పింది. ఇన్‌స్పెక్షన్ అయ్యాక విజయవాడ ఆసుపత్రిలో పడుకుంది. మళ్ళీ లేవలేదు. డెంగీ అన్నారు. కాలేజీ తరఫున ఒక దండ వెళ్ళింది, ఒక పూట సెలవిచ్చారు.

నెల తిరక్కుండానే ట్రైనింగు చివరి క్లాసు వచ్చింది. ప్రతి కాలేజీ తన పని చూపించాలి. హెచ్‌ఓడీ షాహిన ప్రోగ్రాము తెరిచి, గ్రాఫు పైన అచ్చయ్యే ఆ పిల్ల పేరు కొట్టేసి తన పేరు పెట్టుకున్నాడు. ‘ద్రవ్యరాశి’ తీసేసి ఇంగ్లీషు మాట పెట్టాడు. ఆయన వెనకే నిలబడి రెండూ కళ్ళారా చూశాను. చూసి, వెళ్ళి నా కుర్చీలో కూర్చున్నాను.

పట్టపగలు, ల్యాబు నిండా జనం, కరస్పాండెంటు గారు ముందు కుర్చీలో ఉన్నారు. ప్రోగ్రాము పంపారు. కాసేపటికి ఫలితం తిరిగొచ్చింది. ప్రొజెక్టర్ మీద గ్రాఫు తెరుచుకుంది. గుట్ట సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంది.

కింద ‘ద్రవ్యరాశి’ అని ఉంది.

డబ్బాలు కాదు. ఒత్తులు, దీర్ఘం, గుడితో సహా శుభ్రమైన తెలుగు. మా వెనక బెంచీలో ఒక తెలుగు మీడియం పిల్ల దాన్ని పైకే చదివింది.

ట్రైనింగిచ్చే ఆయన ఆన్‌లైన్లోనే ఉండి మొత్తం వెతికారు. వెళ్ళిన ప్రోగ్రాములో ఇంగ్లీషు మాటే ఉంది. పాత ఫలితం ఏదైనా తిరిగొచ్చిందేమో అంటే, పాతవాటన్నిట్లో డబ్బాలే. పని నడిచిన మెషిన్‌లో తెలుగు ఫాంటే లేదన్నారు. మళ్ళీ పంపిస్తే ఈసారి ఇంగ్లీషులో వచ్చింది. “నాకు అర్థం కావట్లేదండీ,” అని ఆయన నిజాయితీగా ఒప్పుకున్నారు. మా హెచ్‌ఓడీ మటుకు చెమట తుడుచుకుంటూ, అది టెక్నికల్ ప్రాబ్లమ్ అని తేల్చేశాడు. రెండోసారి వచ్చినదాన్ని ఫ్రేము కట్టించి, తన పేరుతో వరండాలో వేలాడదీశాడు. ఇప్పటికీ అక్కడే ఉంది. దాని ముందు నుంచే నేను క్లాసుకి వెళ్ళాలి.

మొదటిదాన్ని ఆయన చెరిపేసేలోపే ప్రింటు తీసుకున్నాను. ఆ ఆదివారం పేటలో మస్తాన్ బాబాయ్ ఇంటికి వెళ్ళాను. ఆయన కాగితాన్ని వెలుతురుకి పట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివారు.

“వచ్చిందా తెలుగు! డబ్బాలొస్తున్నయ్ నాన్నా అని ఒకటే గొడవ చేసేదమ్మా,” అని నవ్వారు. నవ్వుతూనే ఏడ్చేశారు. నేనూ ఆపుకోలేకపోయాను.

తర్వాత కాగితాన్ని తిప్పి తిప్పి చూసి అడిగారు. “మరి మా అమ్మాయి పేరేదమ్మా ఇందులో?”

ఆ తెలుగు అక్షరాలు ఎక్కణ్ణించి వచ్చాయో నాకు ఇవాళ్టికీ తెలియదు. ఎవరు ఏ కారణం చెప్పినా వినడానికి సిద్ధంగా ఉన్నాను. దాని పేరు ఎందుకు లేదో మాత్రం నాకు బాగా తెలుసు. అదే ఆయనకి చెప్పలేకపోయాను.