పైడిరాజుగారి శనివారాలు

నిన్న సాయంత్రం ఖరగ్‌పూర్ పూరీ గేట్ దగ్గర కూరగాయలు బేరమాడుతుండగా, అవతల లైన్లో ఆగిన గూడ్సు బండి బ్రేకుల్లోంచి గాలి బుస్సుమని బయటికొచ్చింది. పక్కనున్న చిన్నపాప ఉలిక్కిపడి తల్లి చీర పట్టుకుంది. నాకు మాత్రం ఆ చప్పుడు వింటే భుజాలు తేలికపడతాయి. వెంటనే పైడిరాజుగారు గుర్తొస్తారు.

ఇక్కడి నిమ్‌పురా రైల్వే యార్డు పక్కన ఒక ప్రైవేటు కంపెనీ నడిపిన వ్యాగన్ల మరమ్మతు షెడ్డుకి ఆయన ఇన్‌చార్జి. నేను డిప్లొమా చేతపట్టుకుని ఆయన కింద సూపర్‌వైజరుగా చేరాను. శ్రీకాకుళం వైపు మాది పేరున్న జమీందారీ ఇల్లు. పేరు తప్ప ఏమీ మిగలని ఇల్లు కూడా. పైడిరాజుగారి తాత రైల్వే పనికి ఖరగ్‌పూర్ రాకముందు మా ఊళ్ళలోనే సేద్యం చేశాడట. మొదటిరోజు నన్ను చూడగానే ఆయన కుర్చీలోంచి లేచి, "రండి బాబూ, కూసోండి" అన్నారు. నేను కూర్చున్నాను. ఆ మర్యాద అంతటితో సరి. మర్నాటి నుంచి అందరిలో నేనూ ఒకణ్ణి.

ఆయన షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక 'అదలా-బదలీ'. ఆ పూట ఎవరి పని వాళ్ళు చేయకూడదు. వెల్డింగ్ చేసే అప్పన్న బ్రేకులు చూడాలి. బ్రేకులు చూసే శంకర్‌దా వెల్డింగ్ చేయాలి. అసలు పనివాడు చేతులు వెనక్కి కట్టుకుని పక్కన నిలబడి నోటితో చెప్పవచ్చు కానీ, పనిముట్టు ముట్టుకోకూడదు. పైడిరాజుగారు కూడా గ్రీజు డబ్బా పట్టుకుని చక్రాల మధ్య తిరిగేవారు. మొదటి శనివారమే నన్ను బ్రేకులు చూడమని వ్యాగను కిందికి దూరమన్నారు.

"నేను సూపర్‌వైజరునండీ," అన్నాను.

"అవును బాబూ. అందుకే ముందు మీరే దూరండి."

శంకర్‌దా బెంగాలీవాడు. ఖరగ్‌పూర్లోనే పుట్టి పెరిగాడు కాబట్టి తెలుగు వచ్చు. వేళాకోళం అంతకన్నా బాగా వచ్చు. "రాజాబాబూ, కిరీటం తీసి రా. ఊపర్ లోహా హై, ఇనుము తగిలిపోద్ది!" అన్నాడు. షెడ్డంతా నవ్వింది. నేను నవ్వలేదు. చొక్కా చేతులు మడిచి కిందికి దూరాను.

వారానికో పూట పని ఇలా నెమ్మదిస్తే కంపెనీకి నష్టం కదా అని ఒకసారి అడిగాను. పైడిరాజుగారు చేతులకున్న గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ, "నష్టమేటి బాబూ? శంకర్‌కి జొరమొస్తే షెడ్డుకీ జొరం రావాలా?" అన్నారు.

ఆ మాటకి నాకు మా తాతగారు గుర్తొచ్చారు. ఆయన్ని నేను తక్కువ చేయను. ఆ రోజుల్లో అంత దక్షత ఉన్న మనిషి చుట్టుపక్కల లేడు. కానీ ఇంటి తాళాలన్నీ ఆయన మొలకే ఉండేవి, వ్యవహారాలన్నీ ఆయన తలలోనే ఉండేవి. ఆయన పోయేసరికి ఏ భూమి ఎవరి చేతిలో ఉందో, ఏ కోర్టులో ఏ తగాదా నడుస్తోందో కొడుకులకి తెలియదు. మా ఇల్లు దుబారా వల్ల కూలలేదు. రెండో మనిషికి పని తెలియక కూలింది.

ఒక వర్షాకాలం పైడిరాజుగారికి గుండెనొప్పి వచ్చింది. కలకత్తా ఆసుపత్రిలో చేర్చారు. ఆపరేషన్ చేయాలని డాక్టర్లంటే, కొన్నాళ్ళు ఆగమని ఆయన వాయిదా వేస్తున్నారు. సరిగ్గా ఆ వారమే మా చేతిలో ఉన్న వ్యాగన్లు గడువులోగా ఇవ్వకపోతే షెడ్డు మూసేస్తామని కంపెనీ చెప్పేసింది. మూస్తే మా అందరి ఉద్యోగాలూ పోయినట్టే. చివరి రోజు పొద్దున్నే ఇంకో కబురు. శంకర్‌దాకి డెంగీ. బ్రేకుల పరీక్ష ఒక్కటే మిగిలింది, అది చేసే మనిషి లేడు.

అందరూ నావైపు చూశారు. "సెప్పండి బాబూ, ఏటి సేద్దాం?" అన్నాడు అప్పన్న.

"బ్రేకులు నేను చూస్తాను. కానీ నా ఒక్కడివల్ల కాదు. ఎవరైనా తోడు రండి," అన్నాను. మా ఇంట్లో 'తోడు రండి' అనే మాట నేనెప్పుడూ వినలేదు. 'రమ్మను' అనే మాటే విన్నాను.

"నాను రానా ఏటి? శంకర్ తిట్లన్నీ మీకొక్కరికేనా, నానూ తిన్నాను కదా!" అంటూ అప్పన్న ముందుకొచ్చాడు.

పైపుల్లోకి గాలి ఎక్కించాం. మీటరు ముల్లు నిలబడలేదు, మెల్లగా జారుతోంది. ఎక్కడో గాలి పోతోంది. మిగిలినవాళ్ళు ఎవరూ చెప్పకుండానే సబ్బునీళ్ళ బకెట్లు పట్టుకుని ఒక్కో వ్యాగను దగ్గరికీ నడిచారు. గ్రీజు పెట్టే మనిషికి కూడా ఏ అతుకు మీద నీళ్ళు పోయాలో తెలుసు. ఒకచోట బుడగలు లేచాయి. అరిగిన రబ్బరు వాషరు తీసి కొత్తది వేశాం. ఈసారి ముల్లు ఎక్కినచోటే ఆగింది. సాయంత్రానికి ఇంజను వచ్చింది, బ్రేకులు బుస్సుమని గాలి వదిలాయి, వ్యాగన్లు కదిలిపోయాయి. పట్టాల పక్కన కంకర మీదే కూలబడ్డాం. "పైడిదాదా నేకండానే ఎలిపోనాదిరా బండి!" అని అప్పన్న అరిచాడు. నేనూ వాళ్ళతోపాటు బిగ్గరగా నవ్వాను.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాను. ఆయన లేకుండా పని జరిగిందని ఎలా చెప్పడమా అని దారంతా సంకోచం. మా తాతగారికైతే ఎవరూ చెప్పగలిగేవారు కాదు. చివరికి, "మీరు లేకుండానే అయిపోయిందండీ. శంకర్‌దా కూడా లేడు," అన్నాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. నొచ్చుకున్నారేమో అనుకున్నాను.

"అమ్మయ్య," అన్నారు. "నాను పోతే షెడ్డు పోద్దేమోనని బయం బాబూ. అందుకే ఆపినాను. ఇంక కొయ్యమనండి డాట్రుని."

ఆపరేషన్ బాగా జరిగింది. ఆయన మళ్ళీ వచ్చి పనిచేసి, రిటైరై, ఈ ఊళ్ళోనే సుభాష్‌పల్లిలో చాలాకాలం హాయిగా బతికి వెళ్ళిపోయారు. ఆయన కుర్చీలో ఇప్పుడు నేనున్నాను. శనివారాలు అలాగే సాగుతున్నాయి. మొన్న మా ఆవిడ కంటి ఆపరేషన్ కోసం కొన్నాళ్ళు సెలవు పెట్టాను. షెడ్డు నుంచి ఒక్క ఫోను రాలేదు. ఏదైనా సందేహం ఉండదా, ఎవరైనా అడగరా అని మొదటిరోజంతా చూశాను. అడగలేదు. మనసు కాస్త చివుక్కుమంది. దర్బారు నడిపిన ఇంటివాణ్ణి మరి. ఆ తర్వాత ఫోను బల్లమీద పెట్టేసి, పట్టపగలు కంటినిండా నిద్రపోయాను.