గుమ్మం దాకా రాని గొంతు

మా ఆఫీసులో ఆయన్ని అందరం గోడ బాబాయి అనేవాళ్ళం. ఫైర్‌వాల్ అనే కంప్యూటర్ కాపలాగోడని చూసుకునే మనిషి కాబట్టి గోడ. వయసులో మాకంటే పెద్ద కాబట్టి బాబాయి. ఆయనేమీ అనుకునేవాడు కాదు. "పిలిచే పేరేదైనా పలక్క తప్పదు కదమ్మా" అనేవాడు.

చెప్పుల దుకాణం పైన రెండు గదులు మావి. మనసులో మాట చెప్పుకోవడానికి ఎవరూ లేనివాళ్ళు ఫోన్ చేసే లైను అది. మేం సలహాలిచ్చేవాళ్ళం కాదు. వినేవాళ్ళం, అంతే. బాబాయి ఒకప్పుడు ఆ లైనుకి ఫోన్ చేసినవాడే. భార్య పోయాక చాలాసార్లు చేశాడట. కాస్త తేరుకున్నాక మెట్లెక్కి వచ్చి, "కంప్యూటర్ పనులు కొంచెం తెలుసు. ఊరికే ఇంట్లో కూర్చోలేకపోతున్నాను" అన్నాడు. ఇక మాతోనే ఉండిపోయాడు.

మా ఫోన్లన్నీ ఇంటర్నెట్ మీద నడిచేవి. మూల బల్ల కింద ఓ పాత కంప్యూటర్లో ఆయన ఉచితంగా దొరికే ఓపెన్‌సోర్స్ ఫైర్‌వాల్ పెట్టాడు. అది చేసే పని నాకొకసారి విడమరిచి చెప్పాడు.

"ఇక్కడ ప్రతి ఫోనుకీ లోపల ఓ అడ్రసుంటుంది. బయటివాళ్ళకి అది తెలీదు. వాళ్ళకి కనబడేది ఆఫీసు మొత్తానికీ ఒకటే అడ్రసు. లోపల్నుంచి మాట వెళ్ళేటప్పుడు ఇది అడ్రసు మార్చి పంపుతుంది. జవాబొస్తే ఎవరిదో గుర్తుపెట్టుకుని వాళ్ళకే చేరుస్తుంది. దీన్నే నాట్ అంటారు."

"గుర్తులేకపోతే?"

"లేకపోతే ఆ జవాబు గాల్లో కలిసిపోయినట్టే."

ఆ లైను పాడైనప్పుడు మాకు వెంటనే తెలియలేదు. మా దగ్గర నిశ్శబ్దం మామూలే. ఎంతోమంది ఫోన్ చేసి, నోరు పెగలక, అలా ఉండిపోతారు. అలాంటప్పుడు నర్సక్క ఓపిక చూడాలి. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. "తొందరేం లేదండీ. చెప్పాలనిపించినప్పుడే చెప్పండి. నేనిక్కడే ఉన్నాను" అని మెల్లగా అంటూ కూర్చునేది. ఆ పూట ఫోన్ చేసినవాళ్ళందరూ మౌనంగానే ఉన్నారు. ముసురు పట్టింది, మనసులు బరువెక్కి ఉంటాయని సర్దిచెప్పుకున్నాం.

మధ్యాహ్నం ఓ బస్సు డ్రైవరు మెట్లెక్కి వచ్చాడు. యూనిఫాం భుజాల దగ్గర తడిసి ఉంది.

"పొద్దున నాతో మాట్లాడిందెవరు?"

"ఏమైంది బాబూ?" అంటూ నర్సక్క లేచింది. ఆ గొంతుని అతను గుర్తుపట్టాడు.

"మీరేనా? అంతా చెప్పానమ్మా మీకు. నా పెళ్ళానికి కూడా చెప్పని మాట. చెప్పి ఏడ్చాను. మీరేమో తొందరేం లేదు, చెప్పాలనిపించినప్పుడే చెప్పండి అన్నారు. నేనంటే ఆటగా ఉందా?"

నర్సక్క ముఖం పాలిపోయింది. "నాకేమీ వినబడలేదయ్యా. ఒక్క ముక్క కూడా."

"మీ మాట నాకు శుభ్రంగా వినబడిందే."

ఆమె కుర్చీ జరిపి, కూర్చోమంది. ఇప్పుడు చెప్పమంది. అతను ఆ కుర్చీకేసి చూశాడు. "ఎదురుగా మనిషిని పెట్టుకుని చెప్పగలిగితే ఫోనెందుకు చేస్తాను?" అని దిగిపోయాడు.

పొద్దుట్నుంచీ అలా ఎంతమంది చెప్పుకున్నారో, ఎంతమందికి తొందరేం లేదని చెప్పామో ఎవరికీ తెలీదు. నర్సక్క హెడ్‌సెట్ బల్ల మీద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది.

బాబాయి మూల బల్ల కిందికి దూరాడు. కేబుళ్ళు చూశాడు. గొంతు లోపలికి రావడానికి దారి తెరిచిన రూల్ సరిగానే ఉంది. అయినా దాన్ని తీసేసి మళ్ళీ రాశాడు. బయటికి వెళ్ళే మాటకి పోర్టు నంబరు, అంటే అది దాటే తలుపు నంబరు, మారకుండా చేశాడు. పాత కనెక్షన్ల గుర్తులన్నీ చెరిపేశాడు. మార్పు చేసినప్పుడల్లా నన్ను కిందికి పంపి నా సెల్ నుంచి ఫోన్ చేయించేవాడు. నేను చెప్పుల దుకాణం చూరు కింద నిలబడి, నోటికొచ్చిందల్లా మాట్లాడేదాన్ని. "ఏమీ రావట్లేదు, మళ్ళీ చెయ్యి" అని ఆయన గొంతు మాత్రం నాకు వినబడేది. దుకాణం ఆయన నాకేదో అయిందనుకున్నాడు.

చివరికి ఫైర్‌వాల్ బయటి వైపు వచ్చే, పోయే మాటల పొట్లాల్ని, ప్రతి ప్యాకెట్‌నీ పట్టి చూశాడు. నేను పైకి వెళ్ళేసరికి స్క్రీన్ ముందు కదలకుండా కూర్చున్నాడు.

"మన గొంతు వెళ్తోంది. వాళ్ళది మన గుమ్మం దాకానే రావట్లేదు. రానిదాన్ని నేను లోపలికెలా తీసుకురాను?"

కారణం ఆ సాయంత్రమే బయటపడింది. ఫైర్‌వాల్‌కి ఇచ్చిన అడ్రసు ఒకటి, బయటి ప్రపంచానికి మేం కనబడే అడ్రసు ఇంకోటి. ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీవాళ్ళు ఒక్కమాటైనా చెప్పకుండా మా సొంత అడ్రసు తీసేసి, ఎంతోమందికి కలిపి ఒక్కటే ఇచ్చేశారు. మా నాట్ పైన వాళ్ళ నాట్. వచ్చిన గొంతు ఎవరిదో తెలియక అక్కడే పారేస్తున్నారు.

"మన గోడ బయట ఇంకో గోడ కట్టారమ్మా. దానికి నా దగ్గర తలుపు లేదు" అన్నాడు బాబాయి.

మర్నాడు వాళ్ళ ఆఫీసుకెళ్ళాం. కౌంటర్లో అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. "అందరికీ అలాగే మార్చాం సార్. మీ వైపు విడి అడ్రసులు ఇవ్వట్లేదు. వీడియోలు బాగానే వస్తున్నాయి కదా?" మాకు నంబరిచ్చిన ఫోన్ కంపెనీవాళ్ళేమో, మీరిచ్చిన అడ్రసుకే పంపుతున్నాం, తప్పు మాది కాదన్నారు. మా వీధికి వేరే కంపెనీ కేబులు లేదు.

బాబాయి ఊరుకోలేదు. తెలిసినాయన కంప్యూటర్ ఎక్కడో దూరాన ఉంటే, దాని మీదుగా చుట్టు తిప్పి గొంతు తెప్పించాడు. వచ్చింది, కానీ ముక్కలుముక్కలుగా వచ్చింది. ఏడుపు ముక్కలైతే నవ్వులా ఉంటుందని అప్పుడే తెలిసింది మాకు. ఒకామె ఏడుస్తుంటే, బాగున్నారనుకుని నర్సక్క "సంతోషమండీ" అంది. ఆ మాట తర్వాత నర్సక్క ఇక ఫోన్ ఎత్తలేదు.

బాబాయి డిపోకి వెళ్ళి డ్రైవర్ని వెతికి పట్టుకున్నాడు. నేనూ వెళ్ళాను.

"ఆవిడ తప్పేమీ లేదండీ. మా అడ్రసు మార్చేశారు. మీ మాట మా దాకా రాలేదు" అన్నాడు.

"అంటే ఎవరూ వినలేదన్నమాట."

"లేదు. బాగుపడితే కబురు చేస్తాను. మళ్ళీ చేద్దురుగాని."

అతను తల అడ్డంగా ఊపాడు. "ఒక్కసారి చెప్పడానికే ఇన్నేళ్ళు పట్టింది సార్. మళ్ళీ నావల్ల కాదు."

"నేనూ ఒకప్పుడు అలా ఫోన్ చేసినవాణ్ణే."

"మీది విన్నారా?"

"విన్నారు."

"అదృష్టవంతులు" అని అతను బస్సెక్కి ఇంజన్ స్టార్ట్ చేశాడు.

అది బాగుపడలేదు. కొన్నాళ్ళకి లైను నడిపే కమిటీవాళ్ళు ఆ నంబర్ని ఓ పెద్ద కాల్ సెంటర్‌కి అప్పగించేశారు. గదులు ఖాళీ చేశాం. నర్సక్క కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ మధ్య బాబాయి మార్కెట్లో కనబడ్డాడు. బాగా చిక్కిపోయాడు. పాత నంబరుకి ఫోన్ చేశానన్నాడు.

"కలిసిందా?"

"వెంటనే కలిసింది. మీ బాధ ఎలాంటిదో చెప్పడానికి అంకె నొక్కమంది. దుఃఖానికి రెండట. నొక్కాను. మీ కాల్ మాకు ముఖ్యమంటూ పాట పెట్టారు."

"ఎవరైనా ఎత్తారా?"

"ఏమో. కాసేపు విని, నేనే పెట్టేశాను" అంటూ సంచీ రెండో చేతికి మార్చుకుని జనంలోకి నడిచాడు.