తథాస్తు వేళ అడిగిన మాట

కళ్ళంలో మిరపకాయలు ఎండుతున్నాయి. ఉన్నట్టుండి వాన. ఊరంతా గోనెపట్టలు పట్టుకుని పరుగులు. మా ఆయన మాత్రం గట్టు మీద కూర్చుని తడుస్తున్న కాయల్ని చూస్తున్నాడు. "ఏమయ్యా, లేవవేం?" అని అరిచాను. కదల్లేదు. వానొస్తే లేవని మిరపరైతుని ఎక్కడైనా చూశారా!

అప్పట్నుంచి తిండి లేదు, నిద్ర లేదు. ఓ సాయంత్రం దీపాలు పెట్టే వేళ, "నేను లేకపోతే మీరే సుఖంగా ఉంటారు" అన్నాడు. మా అత్తగారు గయ్యిమంది. "నోరు ముయ్యరా! పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు!" నేనూ వంత పాడాను. అంతే, ఆయన మళ్ళీ నోరు విప్పలేదు. దిష్టి తీశాం, తాయెత్తు కట్టించాం.

మా తమ్ముడు పోరి పోరి గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. బ్లడ్ టెస్టు, ఎక్స్‌రే, అన్నీ నార్మల్. మెంటల్ డాక్టరు దగ్గరికి పంపితే నాకు తల కొట్టేసినట్టయింది. అక్కడ పని నేర్చుకుంటున్న కుర్ర డాక్టరు "ఆకలేస్తోందా? నిద్ర పడుతోందా?" అని అడిగి ఊరుకున్నాడు.

"అసలు ప్రశ్న దాటేశావేమయ్యా? భయమా?" అంటూ పెద్ద డాక్టరుగారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "సాంబయ్యగారూ, చచ్చిపోవాలనిపిస్తోందా?"

"వైద్యానికొస్తే ఇవేం మాటలండీ!" అని లేచాను. మా ఆయన నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. "అనిపిస్తోందండీ. రోజూ" అని భోరుమన్నాడు.

ఎప్పట్నుంచి, ఏమన్నా చేసుకోబోయారా, ఏం ఆపింది, అన్నీ నిదానంగా అడిగారు. కుర్ర డాక్టరు పక్కనే నిలబడి విన్నాడు. "అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదమ్మా. లోపలున్నదే బయటికొస్తుంది" అన్నారు నాతో. డిప్రెషన్ అట. వార్డులో ఉంచి, మత్తిచ్చి తలకి కరెంటు ట్రీట్‌మెంటు ఇచ్చారు, మాత్రలు రాశారు. ఒంటరిగా వదలొద్దన్నారు.

మనిషి కోలుకున్నాడు. బాగుంది కదా అని మాత్రలు మానేశాడు! మరుసటేడు కోతలప్పుడు మళ్ళీ గోడకేసి తిరిగి కూర్చున్నాడు. సంధ్యవేళ. ఆ మాట ఈ వేళప్పుడు ఎలా అడగను? ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతున్నాను. అత్తగారు దీపం వెలిగిస్తూ నన్ను చూసింది.

"అడగవే. ఆ తథాస్తు దేవతలకి నేను చెప్పుకుంటాను."

అడిగాను. "మళ్ళీ వస్తోందే" అన్నాడు. దొరికిన బస్సెక్కి ముగ్గురం ఆసుపత్రికి పోయాం.

ఇప్పుడు మాత్రలు నేనే ఇస్తున్నాను. అయినా నా మనసుకి నెమ్మది లేదు. కాసేపు ఆయన గొంతు వినబడకపోతే పొయ్యి మీద కూర వదిలేసి చూసొస్తాను. చెకప్‌కెళ్ళినప్పుడల్లా డాక్టరుగారు కొత్తగా చేరినవాళ్ళని పిలిచి, "ఎలా అడిగావో చెప్పమ్మా" అంటారు. మొన్నొక నర్సమ్మాయి "చెడ్డ ఆలోచనలేమన్నా..." అని నసిగింది. "అలా కాదమ్మాయ్, చావాలనుందా అనే అడుగు" అన్నాను.

మీకూ అదే చెబుతున్నాను. ఇంట్లో మనిషి ముడుచుకుపోతే పక్కన కూర్చుని ఆ మాటే అడగండి. అవునంటే తిట్టకండి, వదిలి వెళ్ళకండి, ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

నిన్న మబ్బేసింది. "ఏమే, కాయలు తడుస్తాయి, లే!" అని కళ్ళంలోంచి అరిచాడు. నేను కావాలనే లేవలేదు. ఇంకోసారి అరుస్తాడని.